రిమోట్ ట్యాంకుల పోరు: ఏ బండి ఏ తరగతిలోకి?

క్లుప్తంగా: రిమోట్‌తో నడిపే మోడల్ ట్యాంకుల పోటీల్లో లైట్, మీడియం, హెవీ అనే విభజనను అసలు ట్యాంకు బరువు చూసి చేస్తే తగాదా తప్పదు. ఆటలో గెలుపును తేల్చేవి నాలుగు విషయాలు: ఎన్ని దెబ్బలకు బండి పడిపోతుంది, ఎన్ని సెకన్లకోసారి కాలుస్తుంది, ఎంత వేగంగా కదులుతుంది, దెబ్బను పసిగట్టే రిసీవర్ ఎక్కడ కూర్చుంది. బండిలోని ఎలక్ట్రానిక్ బోర్డులో ఉండే అంకెలను ఈ నాలుగింటికి తగ్గట్టు కూర్చి, ప్రతి బండినీ మైదానంలోనే కొలిచి తరగతిలో వేస్తే చాలావరకు న్యాయం జరుగుతుంది. దెబ్బ తగిలాక దొరికే రక్షణ సమయాన్ని చాలామంది చిన్న విషయంగా చూస్తారు. ఫలితాన్ని ఎక్కువగా తారుమారు చేసేది అదే.

## పేరు చూసి తరగతి వేస్తే

2024 జూలైలో డీఆర్‌డీవో, ఎల్ అండ్ టీ కలిసి బయటికి తెచ్చిన జొరావర్ బరువు 25 టన్నులు. దాన్ని లైట్ ట్యాంకు అంటున్నారు. 1940 నాటి సోవియట్ టి-34 దాదాపు అంతే బరువు, 26 టన్నులు. అది మీడియం. జపాన్ వాళ్ల టైప్ 97 చి-హా 15 టన్నులే అయినా మీడియం. అమెరికా ఎం24 చాఫీ 18 టన్నులు తూగినా లైట్. జర్మనీ పాంథర్ 45 టన్నుల మీడియం, సోవియట్ ఐఎస్-2 46 టన్నుల హెవీ. అమెరికా ఎం26 పెర్షింగ్ సంగతి ఇంకా విచిత్రం. యుద్ధంలో హెవీగా దిగిన ఆ ట్యాంకును 1946 మేలో మీడియం జాబితాలోకి మార్చారు. బండి అదే, చిట్టా మారింది.

ఏ సైన్యమైనా ఆ పేర్లను తన అవసరం కొద్దీ పెట్టుకుంది. బ్రిటిష్ వాళ్లయితే బరువు సంగతి పక్కన పెట్టి, కాల్బలంతో నడిచేది ఇన్‌ఫెంట్రీ ట్యాంకు, చొచ్చుకుపోయేది క్రూయిజర్ ట్యాంకు అని చేసే పనిని బట్టి విడదీశారు. ఇలా నాలుగు దేశాల చిట్టాల నుంచి పేర్లు తెచ్చి ఒకే మైదానంలో నిలబెడితే, 45 టన్నుల పాంథర్, 30 టన్నుల అమెరికా షెర్మన్ ఒకే తరగతిలో పడతాయి. పాంథర్ ముందు పలక 80 మి.మీ. మందం, బాగా ఏటవాలు. తుపాకీ పొడవాటి 75 మి.మీ. తొలి షెర్మన్లకు ముందు పలక 51 మి.మీ., తుపాకీ పొట్టి 75 మి.మీ. ఈ రెండూ సమానమని చరిత్ర తెలిసినవాళ్లెవరూ ఒప్పుకోరు.

యుద్ధానంతర బండ్లు వచ్చేసరికి ఈ పద్ధతి పూర్తిగా చేతులెత్తేస్తుంది. మెయిన్ బ్యాటిల్ ట్యాంకు అన్న ఒక్క మాట కిందే అన్నీ చేరాయి. ఆవడిలో తయారైన అర్జున్ ఎంకే-1ఎ 68 టన్నులు, అక్కడే తయారయ్యే టి-90 46 టన్నులు. ఒకే సైన్యంలో, ఒకే పేరు కింద 22 టన్నుల తేడా. జర్మనీ లెపర్డ్-1 40 టన్నులు తూగుతుంది, కవచం మాత్రం చాలా పలుచన. మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారైన సరత్, అంటే బీఎంపీ-2, కాల్బలాన్ని మోసే 14 టన్నుల కవచ వాహనం. 30 మి.మీ. తుపాకీతో పాటు ట్యాంకును ఛేదించే క్షిపణి కూడా దాని మీద ఉంటుంది. దాన్ని ఏ గడిలో రాయాలో బరువు చెప్పదు.

## దెబ్బ ఎలా నమోదవుతుంది

ఈ ఆటలో ఎక్కువగా కనిపించేవి 1/16 సైజు మోడళ్లు. తమియా, హెంగ్ లాంగ్, టైగెన్ కంపెనీల బండ్లు ప్రధానం. తుపాకీ గొట్టంలో ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ ఉంటుంది. టరెట్ (తుపాకీతో పాటు తిరిగే పైభాగం) మీద చిన్న రిసీవర్ నిలబడి ఉంటుంది. తమియా రిసీవర్‌ను ఆటగాళ్లు యాపిల్ అంటారు. మీట నొక్కగానే ఎల్‌ఈడీ టీవీ రిమోట్ తరహాలోనే ఒక సంకేతం పంపుతుంది. అవతలి రిసీవర్ దాన్ని పట్టుకుంటే బండి ఊగుతుంది, శబ్దం చేస్తుంది, బోర్డు ఒక దెబ్బ రాసుకుంటుంది.

దీన్నిబట్టి అర్థమయ్యేది ఒకటి ఉంది. ఇక్కడ కవచం లేదు. ముందు పలక మందమెంత, తుపాకీ ఎంత పెద్దది, తగిలింది ముందా వెనకా అన్నవి సంకేతానికి తెలియవు. కవచాన్ని దెబ్బల సంఖ్యగా, తుపాకీని రీలోడ్ సమయంగా (ఒక గుండుకూ తర్వాతి గుండుకూ మధ్య ఆగాల్సిన సెకన్లుగా) మార్చి బోర్డులో రాయడమే తరగతి. తమియా యుద్ధ యూనిట్‌లో లైట్, మీడియం, హెవీ అని మూడు ఎంపికలున్నాయి. లైట్ త్వరగా కాలుస్తుంది, త్వరగా పడిపోతుంది. హెవీ దానికి తలకిందులు. హెంగ్ లాంగ్ సొంత బోర్డుల్లో ఆ తేడా లేదు, ఏ బండైనా ఐదో దెబ్బకు ఆగిపోతుంది. పైగా ఈ రెండు కంపెనీల సంకేతాలు వేరు. ఓపెన్ పాంజర్ లాంటి బహిరంగ డిజైన్ బోర్డులు రెండు సంకేతాలనూ అర్థం చేసుకుంటాయి, అంకెలను మనమే మార్చుకునే వీలిస్తాయి. కింద చెప్పిన సర్దుబాట్లకు అలాంటి బోర్డే కావాలి.

## దెబ్బలు, రీలోడ్: అసలు లెక్క ఇక్కడే

లెక్క తేలిగ్గా ఉండాలని లైట్‌కు 3 దెబ్బలు, 3 సెకన్ల రీలోడ్. మీడియంకు 5 దెబ్బలు, 5 సెకన్లు. హెవీకి 9 దెబ్బలు, 9 సెకన్లు అనుకుందాం. చూడ్డానికి సమతూకంగానే ఉంది. కాని రెండు బండ్లూ గుండు నింపుకుని ఎదురుపడ్డాయంటే మొదటి గుండుకు ఎదురుచూపు ఉండదు. కాబట్టి ఎదుటి బండిని పడగొట్టే సమయం, దెబ్బల్లో ఒకటి తీసేసి రీలోడ్‌తో గుణిస్తే వస్తుంది.

గురి తప్పకపోతే లైట్ హెవీని పడగొట్టడానికి 8 × 3 = 24 సెకన్లు పడుతుంది. హెవీ లైట్‌ను పడగొట్టడానికి 2 × 9 = 18 సెకన్లు చాలు. నిదానంగా కాల్చే బండికి మొదటి గుండు పెద్ద వరం. తొమ్మిది సెకన్ల విలువైన గుండు దానికి ఊరికే దక్కుతోంది.

సమానం కావాలంటే చూడాల్సింది దెబ్బలకూ రీలోడ్‌కూ మధ్య నిష్పత్తి కాదు, ఒకటి తగ్గించిన దెబ్బలకూ రీలోడ్‌కూ మధ్య నిష్పత్తి. లైట్ 3 దెబ్బలు, 3 సెకన్లు. మీడియం 5 దెబ్బలు, 6 సెకన్లు. హెవీ 7 దెబ్బలు, 9 సెకన్లు పెడితే మూడింటికీ ఆ నిష్పత్తి మూడింట రెండే వస్తుంది. లైట్, హెవీ ఎదురుపడితే ఇద్దరికీ 18 సెకన్లు. మీడియం, హెవీ ఎదురుపడితే ఇద్దరికీ 36. లైట్, మీడియం అయితే ఇద్దరికీ 12.

అయితే ఎవరి గురీ నూటికి నూరు కుదరదు. రెండు గుండ్లకు ఒకటే తగులుతుందనుకుంటే కావాల్సిన గుండ్లు సగటున రెట్టింపవుతాయి. అప్పుడు 7 దెబ్బల హెవీని లైట్ 13 × 3 = 39 సెకన్లలో పడగొడుతుంది. హెవీకి మాత్రం 5 × 9 = 45 సెకన్లు కావాలి. గురి తగ్గేకొద్దీ మొదటి గుండు విలువ పలచబడి, తూకం లైట్ వైపు ఒరుగుతుంది. అదే హెవీకి 8 దెబ్బలిస్తే సగం గురి దగ్గర ఇద్దరికీ సరిగ్గా 45 సెకన్లే. కొత్తవాళ్లు ఎక్కువగా ఆడే మైదానంలో 8, చేయి తిరిగినవాళ్లు ఆడేచోట 7 పెట్టడం ఈ లెక్కకు కుదురుతుంది.

## రక్షణ సమయం

దెబ్బ తగిలాక కొన్ని సెకన్ల పాటు బండి మరో దెబ్బను లెక్కలోకి తీసుకోకుండా బోర్డు చూస్తుంది. ఒకే గుండు రెండుసార్లు నమోదు కాకుండా ఉండటానికీ, తగిలినవాడు తేరుకోవడానికీ ఇది అవసరమే. చాలా క్లబ్బులు దెబ్బల సంఖ్య మీద గంటలకొద్దీ వాదించుకుని, ఈ అంకెను కంపెనీ పెట్టినట్టే వదిలేస్తాయి. అక్కడే ఆట పక్కదారి పడుతుంది.

రక్షణ సమయం 4 సెకన్లని పెట్టి చూడండి. 3 సెకన్లకోసారి కాల్చే లైట్ కొట్టిన రెండో గుండు వృథా, మూడోదే లెక్కకు వస్తుంది. అంటే దాని రీలోడ్ నిజానికి 6 సెకన్లయిపోయింది. తెలివైన నడిపేవాడు నాలుగో సెకను దాకా ఆగి కాల్చినా, లైట్ అనే తరగతికి ఉన్న ఒక్క బలమూ అక్కడే పోతుంది. హెవీ 9 సెకన్లకోసారి కాలుస్తుంది కాబట్టి దానికి వచ్చిన నష్టం ఏమీ లేదు.

గుంపుగా ఆడేటప్పుడు దీని ప్రభావం ఇంకా పెద్దది. 5 దెబ్బలు, 5 సెకన్ల షెర్మన్లు మూడు, 9 దెబ్బలు, 9 సెకన్ల జర్మనీ హెవీ టైగర్ ఒకటి ఉన్నాయనుకుందాం. షెర్మన్లు వంతులవారీగా కాలిస్తే 1.67 సెకన్లకో గుండు పడుతుంది. రక్షణ సమయం అసలు లేకపోతే 13 సెకన్లలో టైగర్ పడిపోతుంది. ఆలోపు అది కాల్చగలిగేది రెండే గుండ్లు. అదే రక్షణ సమయం 4 సెకన్లయితే మూడు గుండ్లలో రెండు వృథా. మూడు షెర్మన్లు కలిసి ఒక్క షెర్మన్‌తో సమానమవుతాయి. టైగర్ పడేసరికి దాదాపు 40 సెకన్లు గడుస్తాయి, 36వ సెకనులోనే అది ఒక షెర్మన్‌ను పూర్తిగా పడగొట్టేసి ఉంటుంది. రక్షణ సమయం 2 సెకన్లకు దించితే టైగర్ సుమారు 27 సెకన్లు నిలుస్తుంది, మూడు గుండ్లు కాలుస్తుంది. గుంపుకు గుంపు బలం ఉంటుంది, టైగర్‌కు కాల్చే అవకాశమూ ఉంటుంది.

అందుకే నియమం ఇలా ఉండాలి: రక్షణ సమయం మైదానంలోని అతి తక్కువ రీలోడ్ కంటే ఎప్పుడూ చిన్నదై ఉండాలి, అన్ని బండ్లకూ ఒకటే ఉండాలి. కంపెనీ అంకెలు మార్చలేని బోర్డులున్న బండ్లను విడిగా ఆడించడమే మేలు.

## సంఖ్యాబలాన్ని పాయింట్లతో కొనవచ్చా

కొన్నిచోట్ల ప్రతి బండికీ పాయింట్లు వేసి, రెండు జట్ల మొత్తం సమానమయ్యేలా చూస్తారు. లైట్ ఒకటి, మీడియం రెండు, హెవీ మూడు అన్నట్టు. సులువైన పద్ధతే, కాని ఇందులో ఒక గుంట ఉంది. 1916లో బ్రిటిష్ ఇంజినీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ చూపిన సూత్రం ప్రకారం, గురిపెట్టి కాల్చుకునే పోరులో సంఖ్య బలం సంఖ్య వర్గంతో పెరుగుతుంది. రెండు బండ్లను ఒక్కటి ఎదుర్కోవాలంటే దాని సత్తా రెండింతలు కాదు, నాలుగింతలుండాలి. మూడింటినైతే తొమ్మిదింతలు. 5 దెబ్బలు, 5 సెకన్ల షెర్మన్లు మూడింటికి ఒక టైగర్ సరిజోడు కావాలంటే 15 దెబ్బలు తట్టుకుని, 1.7 సెకన్లకోసారి కాల్చాలి. అది ఇక టైగర్‌లా ఆడదు.

రక్షణ సమయం ఈ సూత్రాన్ని కొంత అడ్డుకుంటుంది, ఎంత అడ్డుకుంటుందన్నది పైన చూసిందే. మైదానంలో చాటు ఎక్కువగా ఉంటే, ఒకేసారి మూడు గొట్టాలు ఒకే బండి వైపు తిరగలేకపోతే, అదీ అడ్డే. అందుచేత పాయింట్లు పెట్టేచోట జట్లలో బండ్ల సంఖ్య తేడా ఒకటికి మించకుండా చూడాలి. చిన్న బండ్లతో నింపేసిన జట్టు కాగితం మీద సమానంగా కనిపిస్తుంది, గడ్డి మీద దాన్ని ఆపడం కష్టం.

## వేగం, ఎత్తు, టరెట్

వేగాన్ని పెట్టె మీద రాసింది చూసి నమ్మడానికి లేదు. అసలు వేగాన్ని 16తో భాగిస్తే మోడల్ వేగం వస్తుంది. టైగర్ గంటకు 38 కి.మీ. అంటే మోడల్ సెకనుకు 0.66 మీటర్లు వెళ్లాలి, 5 మీటర్ల గీతను 7.6 సెకన్లలో దాటాలి. టి-34కు 53 కి.మీ. లెక్కన 5.4 సెకన్లు. లెపర్డ్-1కు 65 కి.మీ. లెక్కన 4.4. అమెరికా ఎం18 హెల్‌క్యాట్ 88 కి.మీ.తో 3.3 సెకన్లలో దాటుతుంది. 7.4 వోల్టుల లైపో బ్యాటరీ తీసి 11.1 వోల్టుల ప్యాక్ పెడితే వేగం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, టైగర్ టి-34లా పరిగెడుతుంది. కాబట్టి నిండుగా చార్జి చేసిన, పోటీలో వాడబోయే ప్యాక్‌తోనే 5 మీటర్ల పరుగు పెట్టించి గడియారంతో కొలవాలి. పది శాతం దాకా వదిలేయవచ్చు. అంతకన్నా ఎక్కువైతే ట్రాన్స్‌మిటర్‌లో గరిష్ఠ వేగం తగ్గించమనడం, కాదంటే పై తరగతిలోకి నెట్టడం.

ఎత్తు విషయంలో చాలామంది పొరబడతారు. ఇన్‌ఫ్రారెడ్ ఆటలో తగలాల్సింది రిసీవర్‌కే. బండి ఎంత పెద్దదైనా ఆ పెద్దతనం గురికి దొరకదు. 3 మీటర్ల ఎత్తున్న టైగర్ మోడల్‌లో దాదాపు 19 సెం.మీ., టరెట్ లేని జర్మనీ బండి హెట్జర్ 13 సెం.మీ. నిలుస్తుంది. ఆరు సెంటీమీటర్ల తేడా చాలు, ఒకే దిబ్బ వెనక హెట్జర్ పూర్తిగా దాక్కుంటుంది, టైగర్ రిసీవర్ బయటికి కనిపిస్తుంది. ప్లాస్టిక్ గుళ్లు కాల్చే ఆటలో మాత్రం పెద్ద బండి పెద్ద గురే. అందుకే గుళ్ల ఆటకూ ఇన్‌ఫ్రారెడ్ ఆటకూ ఒకే తరగతి పట్టిక పనికిరాదు.

టరెట్ లేని బండ్లకు ఎంతో కొంత సర్దుబాటు ఇవ్వాలి. హెట్జర్ తుపాకీ కుడికి 11 డిగ్రీలు, ఎడమకు 5 డిగ్రీలే తిరుగుతుంది. ఎవరైనా పక్కకొస్తే బండి మొత్తం తిప్పుకోవాలి. దాని తరగతి రీలోడ్‌లో ఒక సెకను తగ్గించడం సరిపోతుంది. దెబ్బ పెంచడం కంటే ఇదే నయం. ఆ బండికి లేనిది తుపాకీని త్వరగా గురికి తెచ్చే వీలు, మందపాటి ఇనుము కాదు. పైగా దాక్కునే లాభం దానికి ముందే ఉంది. మైదానంలో అతి తక్కువ రీలోడ్ ఇలా 2 సెకన్లకు దిగితే రక్షణ సమయాన్ని కూడా దానికి లోపలే ఉంచుకోవాలని మరచిపోకూడదు.

నిజమైన షెర్మన్ టరెట్ 15 సెకన్లలో చుట్టూ తిరిగేది. టైగర్‌కు నిమిషం దాకా పట్టేది. మోడళ్లలో రెండింటికీ ఇంచుమించు ఒకే రకం టరెట్ మోటారు. అంటే షెర్మన్‌కు యుద్ధంలో ఉన్న ఒక ముఖ్యమైన బలం మోడల్‌లోకి రాలేదు. షెర్మన్ నడిపేవాళ్ల ఫిర్యాదుల్లో ఇది న్యాయమైనది. టరెట్ వేగాన్ని మార్చగల బోర్డున్నచోట హెవీల టరెట్‌ను సగానికి తగ్గించడం మంచి పరిష్కారం.

## తనిఖీ బల్ల దగ్గర

నియమాలు ఎంత బాగా రాసినా పోటీ ఉదయం అరగంట తనిఖీ లేకపోతే వృథా. వరస ఇలా ఉంటే పని తొందరగా అవుతుంది.

మొదట ఫోన్ ముందు కెమెరాతో గొట్టంలోకి చూస్తూ కాల్చమనాలి. ఎల్‌ఈడీ వెలిగితే తెరమీద లేత ఊదా మెరుపు కనిపిస్తుంది. కనిపించకపోతే వైరు ఊడిందో, గొట్టం వెనక్కి తన్నే యంత్రంలో తెగిందో చూసుకోవాలి. ఎక్కువగా తెగేది అక్కడే, ప్రతి కాల్పుకూ వైరు మడత పడుతుంది కాబట్టి.

తర్వాత కిరణం వెడల్పు. 10 మీటర్ల దూరంలో ఒక రిసీవర్ పెట్టి, దాన్ని పక్కకు 10 సెం.మీ. చొప్పున జరుపుతూ కాల్చాలి. మధ్య గీత నుంచి అటూ ఇటూ 20 సెం.మీ. దాటాక కూడా దెబ్బ పడుతుంటే కిరణం మరీ వెడల్పు. ఎల్‌ఈడీ చుట్టూ నల్ల గొట్టం పొడవు పెంచితే సన్నబడుతుంది. ఈ ఒక్క పరీక్ష చేయని పోటీలో గురి అన్న మాటకు అర్థం ఉండదు. వెడల్పాటి కిరణం ఉన్న లైట్ బండి హెవీని మించిపోతుంది.

ఆపై రిసీవర్ చుట్టూ చూడాలి. టరెట్ మీది సంచులు, ఆకుల అలంకారం, యాంటెన్నా జెండా ఏ వైపు నుంచీ దాన్ని కప్పకూడదు. బండిని నాలుగు వైపులకు తిప్పి ఒక్కో వైపు నుంచి ఒక్కో గుండు కాలిస్తే నాలుగూ నమోదు కావాలి. చివరగా ప్రతి బండీ అవతలి జట్టులోని ఒక బండిని కొట్టాలి, దాని చేత కొట్టించుకోవాలి. సంకేతాలు కలవని బోర్డులు ఇక్కడే బయటపడతాయి.

మైదానం కూడా తరగతుల మీద ప్రభావం చూపుతుంది. ఎండలోని ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్‌ను ముంచెత్తుతుంది, గుండు దూరం బాగా పడిపోతుంది. దగ్గరికి వెళ్లి కాల్చాల్సి వచ్చినప్పుడు వేగంగా కదిలే లైట్‌కు లాభం. గదిలో తెల్ల గోడలుంటే కిరణం గోడకు తగిలి తిరిగొచ్చి, చాటున ఉన్న బండికి కూడా దెబ్బ పడుతుంది. దాక్కోవడం మీద బతికే చిన్న బండ్లకు అది నష్టం. నీడపట్టున, ముదురు రంగు గుడ్డలు కట్టిన హాలు అందరికీ మేలు. తెలుగు నేల మీద ఎండాకాలం పగటిపూట బయట పెడితే ఏ పట్టికా సరిగ్గా పనిచేయదు. సాయంత్రం ఐదు తర్వాతే మొదలుపెట్టాలి.

## పట్టికను ఎలా మార్చుకుంటూ పోవాలి

తరగతి తప్పుగా పడితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. హెవీకి లాభం ఉన్నచోట ఏడాది తిరిగేసరికి మైదానం నిండా టైగర్లే ఉంటాయి. లైట్‌కు లాభం ఉన్నచోట హెల్‌క్యాట్లు గిరగిరా తిరుగుతుంటాయి. రెండు చోట్లా తమకు నచ్చిన బండి తెచ్చుకున్నవాళ్లు మెల్లగా రావడం మానేస్తారు. అమెరికాలో 1/144 సైజు యుద్ధనౌకల ఆట ఉంది. బాల్సా చెక్క పొట్టు తొడిగిన ఓడలు ఉక్కు గుళ్లతో ఒకదాన్నొకటి చిల్లులు పొడిచి నిజంగానే ముంచుకుంటాయి. అక్కడ అసలు ఓడ ఎంత పెద్దదో చూసి ఎన్ని తుపాకులు, ఎంత వేగం అన్నది ముందే కేటాయిస్తారు. ట్యాంకుల ఆటకు అరువు తెచ్చుకోదగిన పద్ధతి అది. పేరు పక్కన పెట్టి, అసలు బండి కవచం, తుపాకీ, వేగాలను విడివిడిగా అంకెలుగా మార్చి, ఆ మూడింటి నుంచి తరగతి తేల్చడం. అప్పుడు లెపర్డ్-1 కవచంలో లైట్, తుపాకీలో హెవీ, వేగంలో చాలా బండ్ల కంటే పైన అని నిజాయతీగా రాసుకోవచ్చు. దానికి తక్కువ దెబ్బలు, ఎక్కువ రీలోడ్ ఇచ్చి సరిచేయవచ్చు.

ప్రతి పోటీ తర్వాత మూడు విషయాలు రాసి పెట్టుకోవాలి: ఏ తరగతి బండ్లు ఎన్ని దిగాయి, ఎన్ని చివరిదాకా నిలిచాయి, ఒక్కోటి ఎన్ని దెబ్బలు కొట్టింది. నాలుగైదు పోటీలు గడిచాక ఒక తరగతి అదే పనిగా ముందుంటే అప్పుడే చేయి వేయాలి, అదీ ఒక్క అంకె మీదే. రీలోడ్, దెబ్బలు, రక్షణ సమయం ఒకేసారి మారిస్తే తేడా దేనివల్ల వచ్చిందో తెలియదు. ముందుగా ముట్టుకోవాల్సింది రీలోడ్‌ను, సెకను చొప్పున.